నీరసం అని రాసిన పన్నెండు రోజులు

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాలు వెచ్చగా ఉంటాయి. ఇవాళ పొద్దున మా క్లినిక్ ఎదురుగా ఉన్న షాపులో ఒక పేషెంటు ఫైలు కాపీలు తీయించుకుని ఆ కట్ట చేతిలోకి తీసుకోగానే నా గుండె దడదడలాడింది. ఎండా కాదు, బీపీ కాదు. ఆ వెచ్చదనం అరచేతికి తగిలినప్పుడల్లా నాకు ఇంతే. ఏ పేజీలోనో ఏదో దాచి ఉంటాననీ, ఎక్కడో కూర్చున్న ఒక ముక్కూముఖం తెలియని మనిషి దాన్ని పట్టుకుంటాడనీ, నేను దాచినందుకు ఇంకెవరో నష్టపోతారనీ భయం. ఈ భయం నాకు నేర్పింది జాన్‌బీ గారు. చలికాలంలో ఆవిడ ఆ వెచ్చటి కాగితాలను రెండు చేతుల మధ్యా పెట్టుకుని కాసేపు కాచుకునేవారు. ఆ తర్వాతే వాటికి ట్యాగు కట్టేవారు.

గుంటూరులో నేను మొదట ఉద్యోగం చేసిన చిన్న మానసిక వైద్యశాలలో జాన్‌బీ గారు ఇన్సూరెన్స్ డెస్కు చూసేవారు. డెస్కు అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక బల్ల, ఒక ఇనప బీరువా, లేచినప్పుడల్లా తలకు తగిలే కప్పు. పాలసీ ఉన్న పేషెంట్ల కాగితాలు కంపెనీకి పంపడం, కంపెనీ కాదంటే అప్పీలు రాయడం ఆవిడ పని. కాలు విరిగిన మనిషికి ఎక్స్‌రే ఉంటుంది, షుగరుకు రక్తపరీక్ష ఉంటుంది. మాకు చూపించడానికి ఏమీ ఉండదు. తలుపు వేసుకుని మాట్లాడే మాటలే మా వైద్యం. వాటికి సాక్ష్యం మేం రాసుకునే నోట్సు ఒక్కటే. అందుకని మా దగ్గరినుంచి వెళ్ళిన క్లెయిముల్లో వెనక్కి తిరిగొచ్చేవే ఎక్కువగా ఉండేవి.

నేను చేరిన మూడో రోజే ఆవిడ కబురంపారు. పెద్ద చదువు చదివి వచ్చానన్న టెక్కు నాకు దండిగా ఉన్న రోజులవి. గుమాస్తా నన్ను పిలవడమేమిటనుకుంటూనే వెళ్ళాను. ఆవిడ తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, తను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, నేను రాసిన నోట్సు వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టారు. నేను కంపెనీ ఆఫీసరునట. వింటూ ఉండాలట. రెండు పేజీలయ్యాక, ఈ మనిషికి ఏం జబ్బో చెప్పమన్నారు. నేను రాసిన నోట్సే అయినా నేను చెప్పలేకపోయాను.

"చదివేవాడు ఏ బొంబాయిలోనో ఉంటాడు డాక్టరమ్మా. వాడు నీ పేషెంటు మొహం చూళ్ళేదు, నీ మొహమూ చూళ్ళేదు. వాడికి కనపడేది ఈ కాగితమే" అన్నారు.

నేను డాక్టర్ని కాదు, సైకాలజిస్టునని చెప్పాను. ఆవిడ సరేనని తలూపి, ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ డాక్టరమ్మా అనే పిలిచారు. యాభై దాటిన మనిషి, తెల్లటి పలచని ఓణీ తల మీదుగా వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చి చూసేవారు. కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, ఇంకా తగ్గేది. ఆ తగ్గిన గొంతంటే వార్డుబాయ్‌ల నుంచి పెద్ద డాక్టరుగారి దాకా అందరికీ హడలే.

ఒక సంగతి చెప్పకపోతే ముందుకు సాగలేను. మా వైపు మనసు జబ్బుకు ఒక మారుపేరుంది. నీరసం. పెళ్ళి కావాల్సిన పిల్లకైనా, మిరపతోట పోయాక నోరు మెదపడం మానేసిన రైతుకైనా, ఇంట్లోవాళ్ళు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగేది కాగితంలో నీరసం అని రాయమనే. మేమూ రాసేవాళ్ళం. అది అబద్ధమని ఎవరికీ తోచేది కాదు, సాయం చేస్తున్నామనుకునేవాళ్ళం. నీరసమైతే గ్లూకోజు పెట్టారని ఊళ్ళో చెప్పుకోవచ్చు. ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

పద్మ విషయంలో నేను చేసింది అదే. పద్మ అసలు పేరు అది కాదు. ఇది రాస్తానని అడిగితే, పేర్లన్నీ మార్చి రాయమంది. సత్తెనపల్లి దగ్గర ఒక ఊరి కోడలు. అప్పటికి ఇరవై ఆరేళ్ళుంటాయి. భర్త శ్రీను గుంటూరు శివార్లలో మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. పాలసీ ఆ ఉద్యోగం వల్ల వచ్చిందే. రెండో కాన్పులో మగపిల్లాడు పుట్టాడు. మూడో వారం నుంచి పద్మకు నిద్ర లేదు. కత్తిపీట ఉన్న వంటింట్లోకి వెళ్ళదు. నీళ్ళ తొట్టి ఉన్న పెరట్లోకి బిడ్డను తీసుకెళ్ళదు. ఎత్తుకోమని ఇస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుంటుంది. తన చేతుల వల్లే బిడ్డకు ఏదో అవుతుందన్న తలపు రోజంతా వస్తూనే ఉందని, మా ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజున, తలుపు గడియ పెట్టిందో లేదో రెండుసార్లు చూసుకుని నాతో చెప్పింది. కొందరు బాలింతలకు ఇది వస్తుంది. నయమవుతుంది. ఆ తలపు వచ్చినంత మాత్రాన ఏ తల్లీ చెడ్డది కాదు. ఇదంతా పుస్తకాల్లో చదివే ఉన్నాను. అయినా ఆ మాట ఆమె నోటినుంచి విన్నప్పుడు నా వెన్ను జలదరించింది.

ఆ సాయంత్రమే వాళ్ళత్త అంజమ్మ నన్ను వరండాలో ఆపింది. కోడలు నాకేం చెప్పిందో ఆమెకు తెలియదు. ఏదో చెప్పకూడనిది చెప్పిందని మాత్రం ఊహించింది.

"ఏం చెప్పిందో నాకొద్దు గానీ, అది కాగితం మీద పెట్టబాకమ్మా. నీరసం అని రాయండి. రేపు ఆ పిలగాడు పెద్దోడయ్యాక ఎవరన్నా తీసి సూపిస్తే?" అంది.

నాకూ సబబే అనిపించింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది పద్మ. పన్నెండు రోజులూ నా నోట్సులో బాలింత నీరసం, నిద్రలేమి, ధైర్యం చెప్పాము, విశ్రాంతి తీసుకోమన్నాము అని రాశాను. పెద్ద డాక్టరుగారు తన కాగితంలో జబ్బు పేరు సరిగానే రాశారు. ఆయన రాసినదానికీ నేను రాసినదానికీ పొంతన లేదని నాకు తట్టనే లేదు.

కంపెనీవాళ్ళకు తట్టింది. నీరసానికి ఆసుపత్రిలో ఉంచాల్సిన పనీ లేదు, కౌన్సెలింగు పనీ లేదు, డాక్టరు చెప్పిన జబ్బుకు థెరపిస్టు నోట్సులో ఆధారం కనపడలేదు అని జవాబొచ్చింది. ఇంటికి వెళ్ళాక రెండు నెలల పాటు జరగాల్సిన కౌన్సెలింగు కూడా దాంతోపాటే పోయింది. శ్రీను ఆ ఉత్తరం నిలబడే చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, ఇప్పుడు బాగానే ఉంటోంది లెండి అని వెళ్ళిపోయాడు. మరుసటి వారం పద్మ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఫోన్ చేస్తే అంజమ్మ ఎత్తి, నిద్రపోతోందని పెట్టేసేది. నిద్రే పట్టని మనిషి ఎప్పుడు ఫోన్ చేసినా నిద్రపోతోందంటే నమ్మేదెలా? పొద్దున్నే పేపరొస్తే ముందు జిల్లా పేజీ తీసేదాన్ని. తల్లీబిడ్డా అన్న మాట ఎక్కడైనా కనపడితే ఊరిపేరు చదివేదాకా ఊపిరి ఆగిపోయేది. సత్తెనపల్లి కాదని తెలిశాక హమ్మయ్య అనుకునేదాన్ని. వేరే ఎవరో పోతే హమ్మయ్య అనుకున్నానని తెలిసి మళ్ళీ భయపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, పద్మ ఫైలు తీసి, అదే రంగు పెన్నుతో, తెల్ల కాగితాల మీద ఆ పన్నెండు రోజుల నోట్సూ కొత్తగా రాయడం మొదలుపెట్టాను. ఈసారి ఆమె చెప్పినవన్నీ పెట్టి, పాత తేదీలే వేసి. రాస్తున్నదంతా నిజమే కదా, తప్పేమిటనుకున్నాను. మూడు రోజులవి అయ్యాయి. తల ఎత్తేసరికి జాన్‌బీ గారు గుమ్మంలో ఉన్నారు. తిడతారనుకున్నాను. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, నేను రాసిన మూడు కాగితాలూ తన వైపు జరుపుకుని, బోర్లించి పెట్టారు.

తను వెనక పనిచేసిన ఆసుపత్రి సంగతి అప్పుడు చెప్పారు. అక్కడ ఒక పెద్దాయన క్లెయిము గట్టెక్కించడానికి అడ్మిషన్ తేదీలో తనే ఒకటిని ఏడు చేశారట. ఆయనకు మేలు చేద్దామనే. కంపెనీ దగ్గర పాత కాపీ ఉంది. ఆ ఒక్క అంకెతో ఫైలులో ఉన్న నిజమైన కాగితాలు కూడా దొంగవైపోయాయి. ఆ పెద్దాయన ఇక రావడం మానేశాడు, మందులూ మానేశాడని విన్నారు.

"తర్వాత ఏమయ్యాడో?" అని అడిగాను.

"కనుక్కోలేదు. కనుక్కోడానికి ధైర్యం చాల్లేదు" అన్నారు. గొంతు బాగా తగ్గింది.

ఈ నీరసం అనే మాట ఎవరికోసం రాశావని అడిగారు. పద్మ మంచికోసమని చెప్పాను. కాదన్నారు. "ఆ పిల్ల చెప్పింది విని నువ్వు భయపడ్డావు. భయపడి దుప్పటి కప్పావు. అంతే గదా." నాకు ఏడుపొచ్చింది. అవునన్నాను. ఆవిడ ఆ మూడు కాగితాలూ చింపి, ముక్కలు తన సంచిలో వేసుకున్నారు. పాత నోట్సు ముట్టుకోకూడదు, ఇవాళ్టి తేదీతో కొత్త ఉత్తరం రాయాలి, అందులో నేను ఏం విన్నానో, ఏం రాశానో, ఎందుకు దాచానో మూడూ ఉండాలి అని చెప్పారు. నా తప్పు నా సంతకంతో ఒప్పుకోవడమన్నమాట. ఉద్యోగం పోవచ్చు. నా లైసెన్సుకే ఎసరు రావచ్చు. అదంతా చెప్పుకుంటే ఆవిడ విని, అంతకంటే ముందు ఇంకో అనుమతి కావాలన్నారు. ఆ మాటలు పద్మవి. పద్మ సరేనంటేనే కాగితం మీదికి రావాలి.

మర్నాడు సెలవు పెట్టి ఇద్దరం సత్తెనపల్లి బస్సెక్కాం. మిరప కోతల రోజులు. దారి పొడవునా కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి, కిటికీలోంచి వచ్చే ఘాటుకు బస్సంతా దగ్గుతోంది. ఇంటికి వెళ్ళేసరికి తలుపులు మూసి ఉంటాయేమో, గుమ్మం ముందు జనం ఉంటారేమో అని నా మనసు ఎన్ని చెడ్డ బొమ్మలు గీయాలో అన్నీ గీసింది. జాన్‌బీ గారి పెదాలు కదులుతూనే ఉన్నాయి. దువా చదువుకుంటున్నారని కాసేపటికి అర్థమైంది. ఆవిడకూ భయమేనని తెలిశాక నాకు ధైర్యం రావాల్సింది. రాలేదు సరికదా, ఉన్నదీ పోయింది.

ఇంటి ముందు జనం లేరు. అంజమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతోంది. బిడ్డ ఆమె పక్కనే, పాత చీర వేసిన చాప మీద నిద్రపోతున్నాడు. పద్మ లోపల, ఇంటికి ఆ చివరి గదిలో ఉంది. మేం వచ్చిన పని చెప్పగానే అంజమ్మ మొహం ముడుచుకుంది. కోల్డ్ స్టోరేజీలో అందరికీ తెలిసిపోతుందంది, కొడుకు తలెత్తుకోలేడంది. జాన్‌బీ గారు వాదించలేదు. చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆమె ఎదురుగా కూర్చుని తనూ కాయలు ఏరడం మొదలుపెట్టారు. ఉత్తరం మూసిన కవరులో కంపెనీ డాక్టరుకే వెళ్తుందని, కోల్డ్ స్టోరేజీకి వెళ్ళకూడదన్నదే నియమమని, అయినా తను పూచీకత్తు ఇవ్వలేనని, తనకు తెలిసినంతవరకు ఇదీ అని చెప్పారు. ఇవ్వలేనన్నది ఎందుకు చెబుతున్నారా అని నేను లోపల పళ్ళు కొరుక్కున్నాను. కానీ అంజమ్మ మొదటిసారి తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది ఆ మాటకే.

పద్మ ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. మనిషి సగమైంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకునే ఉంది. బిడ్డ వైపు చూడకుండా, నా వైపు చూస్తూ మాట్లాడింది.

"రాయండి మేడం. బిడ్డని నా సేతులతో ఏమన్నా చేత్తానేమోనని భయపడ్డానని రాయండి. చెయ్యాలనుకోలేదని కూడా రాయండి. అందుకే ముట్టుకోలేదని రాయండి."

అంజమ్మ చేతిలో కాయలు జారిపోయాయి. కోడలికి బిడ్డంటే గిట్టడం లేదనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. ఇరుగుపొరుగుతో కూడా అదే అంది. ఆమె లేచి, కారం అంటిన చేతులతో పద్మను ముట్టుకోలేక, మోచేతులతో ఆ పిల్ల తలను దగ్గరకు లాక్కుంది. ఆ మధ్యాహ్నం పద్మ చెప్పినట్టే, ఆమె మాటల్లోనే తెలుగులో రాసి, కింద ఇంగ్లిషులో అర్థం రాశాను. పద్మ చదివి సంతకం పెట్టింది.

ఉత్తరం పంపిన తర్వాత జవాబు రావడానికి నెల పట్టింది. ఆ నెలంతా జాన్‌బీ గారు రోజూ పదకొండింటికి నాచేత పద్మకు ఫోన్ చేయించేవారు. ఇప్పుడు అంజమ్మే పద్మకు ఫోన్ ఇచ్చేది. మెయిల్ వచ్చిన చప్పుడైతే చేతిలో పని వదిలేసి వెళ్ళి చూసేదాన్ని. ఈలోగా నా ఉత్తరం కాపీ పెద్ద డాక్టరుగారి బల్ల మీదికి చేరింది. ఆసుపత్రి పరువు తీశావని ఆయన ఎగిరిపడ్డారు. జాన్‌బీ గారు లోపలికి వచ్చి, ఆ ఉత్తరం తనే చదివి పంపానని, తీసేస్తే ఇద్దర్నీ తీసేయమని, చాలా మెల్లగా చెప్పారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, వెళ్ళండన్నారు. తీసేయలేదు. మూడు నెలల దాకా నాతో మాట్లాడలేదు.

కంపెనీ మొత్తం ఒప్పుకోలేదు. ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజులకూ కాదనే అంది. ఆ నోట్సు నేను రాసినదే, దాన్ని ఎవరూ చెరపలేరు. దాని మీద పై అధికారి దాకా వెళ్ళినా అది అలాగే ఉండిపోయింది. ఆ భారం శ్రీను నెత్తిన పడింది. ఇప్పటికీ అతను ఎదురుపడితే నేను ముందు తల దించుకుంటాను. రెండు నెలల కౌన్సెలింగు మాత్రం మంజూరైంది. పద్మ వచ్చింది. వారం వారం వచ్చింది. ఎనిమిదో వారంలో అనుకుంటా, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతులు వణుకుతూనే ఉన్నాయి, అయినా దించలేదు. బయట స్టూలు మీద కూర్చున్న జాన్‌బీ గారికి వెళ్ళి చెబితే, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నోట్సు రాశావా అని అడిగారు.

జాన్‌బీ గారు రిటైరయ్యాక ఒంగోలులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. నేను సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాను. రెండేళ్ళ క్రితం ఒకరోజు చెప్పాపెట్టకుండా వచ్చారు. చూడ్డానికి వచ్చారేమో అనుకుని టీ తెప్పించబోయాను. వద్దని, పేషెంట్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. నిద్ర పట్టడం లేదట. ఇంట్లో ఎవరైనా కాగితం తిప్పిన చప్పుడైనా చెమటలు పడుతున్నాయట. తను తేదీ మార్చిన ఆ పెద్దాయన, ఊరూ ఇల్లూ తప్ప పేరు కూడా గుర్తులేని ఆయన, వీధిలో ప్రతి ముసలాయనలోనూ కనిపిస్తున్నాడట. ఇన్నేళ్ళకు కనుక్కోడానికి వెళితే ఆ ఊళ్ళో ఆ ఇల్లే లేదట. నేను నోట్‌బుక్ తెరిచాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేశారు.

"నా కాగితంలో మాత్రం నీరసం అని రాయమ్మా. అల్లుడి పాలసీ అది. ఇంట్లో చూస్తారు" అన్నారు.

పరీక్షిస్తున్నారేమో అనుకుని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నారు. ఆవిడ కళ్ళల్లో ఉన్నది ఆనాడు వరండాలో అంజమ్మ కళ్ళల్లో ఉన్నదే. అంత భయం నాకు మళ్ళీ ఎప్పుడూ వేయలేదు. ఇన్నేళ్ళూ నేను ఎవరిని పట్టుకుని నిలబడ్డానో ఆ మనిషే ఒరిగిపోతుంటే, ఇక దేన్ని పట్టుకోవాలి? పాలసీ వద్దనుకుందాం, ఈ కాగితం ఎవరికీ పంపను, కానీ నీరసం అని మాత్రం రాయలేనండి అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. లేచి తలుపు దాకా వెళ్ళారు. చాలాసేపు అక్కడే నిలబడి, తిరిగొచ్చి కూర్చుని, మొదటినుంచి చెప్పుకొచ్చారు. నేను ఆవిడ మాటల్లోనే రాశాను. చెప్పడం అయ్యాక చదవమన్నారు. కళ్ళు మూసుకుని, ఆవిడను ఎన్నడూ చూడని ఎవరో ఆఫీసరు విన్నట్టు విన్నారు.

"రాత్రిళ్ళు కొంచెం భయం వేస్తుందని చెప్పారు" అన్న దగ్గర కళ్ళు తెరిచారు. ఆ 'కొంచెం' ఆవిడ చెప్పలేదు. నా చెయ్యే దాన్ని కలిపింది.

"'కొంచెం' తీసెయ్ డాక్టరమ్మా" అన్నారు.